తీసి ఉంచు

ఫిబ్రవరి 3

బావగారికి,

మీ ఆరోగ్యం సంగతి అక్క ఎలాగూ రాస్తుంది కాబట్టి అడగను. అక్క ఆరోగ్యం సంగతి మీరు ఎప్పుడూ రాయరు కాబట్టి అది అడుగుతున్నాను. మోకాలు నొప్పి ఎలా ఉంది?

మీ పిల్లలు ముగ్గురూ క్షేమంగా దిగారు. చెక్కపెట్టెల్లో గడ్డి పరుచుకుని దర్జాగా పడుకుని వచ్చారు. నేనూ నా మనుషులిద్దరూ మోసుకెళ్ళి బిగించేసరికి నడుములు పడిపోయాయి. మా కాగితం మిల్లులో తడి కాగితాన్ని ఆరబెట్టే యంత్రాలు మూడున్నాయని మీకు తెలుసు కదా. ఒక్కోదానికి వెళ్ళే ఆవిరి గొట్టం మీద ఒక్కో సేఫ్టీ వాల్వ్. పాతవి మూడూ తీసి గోదాములో పడేశాను. అవి ప్రెషర్ పెరిగినప్పుడల్లా పటపటా కొట్టుకుని చెవులు చిల్లులు పెట్టేవి. మీరు పంపిన కొత్త వాల్వులు నిన్న ఒకసారి లేచాయి. ఉస్సుమని ఒక్క నిట్టూర్పు విడిచి మళ్ళీ కూర్చున్నాయి. మా పెద్ద ఇంజనీరు కూడా మెచ్చుకున్నాడు. ఆయన నోటి నుంచి మంచి మాట రావడం నా పదిహేనేళ్ళ సర్వీసులో ఇది రెండోసారి. మొదటిది క్యాంటీన్ వంటమనిషి రిటైరైనప్పుడు.

ఒక్క చిక్కుంది. వాల్వ్ నెత్తిన పక్కగా మీరు వేలంత ఇత్తడి కుళాయి పెట్టారు చూడండి, అది మూడింటికీ ఎప్పుడూ కారుతోంది. చుక్క నీళ్ళు, పోగంత ఆవిరి. కింద నేలంతా పాకుడు పడుతోంది. ఆవిరి ప్రెషర్లు చూసే ఆపరేటర్ ఒకాయన ఉన్నాడు మాకు, అందరూ గడియారం అంటారు. గంట కొట్టగానే అంకెలు రిజిస్టర్‌లో ఎక్కించకపోతే ఆయనకు అన్నం సహించదు. ఆయనేమో, “మీ బావ వాల్వు మంచిదేగానీ దానికి ముక్కు కారుతోందయ్యా, జలుబు మందు రాయించు” అంటున్నాడు. ఆ కుళాయి ఎందుకు, దాన్ని ఏం చెయ్యాలి, రాయండి.

మీ బావమరిది

*

ఫిబ్రవరి 11

బావమరిదికి ఆశీస్సులు.

మీ అక్క మోకాలు నొప్పిగానే ఉంది. నేను మూతికి గుడ్డ కట్టుకుని తిరగడం లేదు, అడిగితే చెబుతాను.

వాల్వ్ నచ్చిందన్నావు. నేను గీసిన వాల్వుల్లో అది ఆరోది. మిగతా ఐదింటికీ దీనికీ పోలిక లేదు. లోపలి పళ్ళెం లేచి కూర్చున్న ప్రతిసారీ కొంచెం పక్కకు తిరిగి కూర్చుంటుంది, అందువల్ల అరుగుదల ఒకే చోట పడదు. ఆ తిరుగుడు కోసం నాలుగేళ్ళు పట్టింది. పళ్ళెం పైన ఒక చిన్న గది ఉంది. పళ్ళెం పటపటా కొట్టుకోకుండా ఆ గదిలోని గాలే దాన్ని మెత్తగా పట్టుకుంటుంది. మా ఆఫీసులో ఇది అర్థమైనవాళ్ళు ఇద్దరు. అందులో ఒకడు నేను. రెండోవాడికి నిజంగా అర్థమైందో లేదో చెప్పలేను.

కుళాయి గురించి నువ్వు తల బద్దలు కొట్టుకోకు. మేం ఇక్కడ పరీక్ష చేసేటప్పుడు మా సౌకర్యం కోసం పెట్టుకున్నది అది. నీకు దానితో పనే లేదు. దాన్ని ఎప్పుడూ తీసి ఉంచు, అంతే. జలుబు దానికి కాదు, మీ గడియారానికి ఉందేమో చూసుకోమను.

చెల్లాయిని అడిగానని చెప్పు.

మీ బావ

*

మార్చి 2

బావగారికి,

మీరు చెప్పినట్టే చేశాను. ఇప్పుడు చుక్క లేదు, పోగు లేదు. నేల అద్దంలా ఉంది. గడియారం మీకు నమస్కారం చెప్పమన్నాడు. జలుబు మాటకు ఏమీ అనుకోవద్దన్నాడు. ఆయన కూతురికి ఏడేళ్ళు, ఇప్పుడు దానికి ఎక్కాలు చెబుతున్నాడు. పన్నెండో ఎక్కం దగ్గర తనే తప్పుతున్నాడట. “అంకెలు రాయడమే నా పని, కూడడం కాదు” అని మొన్న డ్యూటీలో ఒకటే నవ్వు.

మీ వాల్వులు నెల్లాళ్ళుగా నోరెత్తలేదు. అంత బుద్ధిమంతులు మీ ఇంట్లో ఎలా పుట్టారో.

మీ బావమరిది

*

మార్చి 10

బావమరిదికి,

నీ ఉత్తరం మా మేనేజరుకు చూపించాను. ‘చుక్క లేదు, పోగు లేదు’ అన్నది రెండుసార్లు చదివించుకున్నాడు. వాడినవాళ్ళు రాసిన మాట కాబట్టి మా సరుకుల కొత్త పుస్తకంలో వేస్తామన్నారు. ఇరవై రెండేళ్ళలో మేనేజరు గదిలో నాకు మొదటిసారి కుర్చీ వేసి కూర్చోబెట్టారు. సంతోషంగా ఉంది. దాచుకోవడం ఎందుకు?

మీ బావ

*

జూన్ 19

బావగారికి,

మొన్న పొద్దున పదకొండింటికి గడియారం పోయాడు.

ఒకటో నంబరు యంత్రం మీద కాగితం తెగి యంత్రం ఒక్కసారిగా ఆగింది. అలా ఆగితే ఆవిరి వాడకం ఆగిపోతుంది, గొట్టంలో ప్రెషర్ పెరుగుతుంది. ఇంత ఒక్కసారిగా ఆగడం ఏడాదికి ఒకటి రెండుసార్లే. అప్పుడు సేఫ్టీ వాల్వ్ లేస్తుంది, పోతుంది. మొన్న లేవలేదు. నేను అవతలి షెడ్డులో ఉన్నాను. పేలిన చప్పుడు విని పరిగెత్తేసరికి షెడ్డంతా తెల్లగా ఉంది, చెయ్యి పెడితే చెయ్యి కనపడలేదు. ఆవిరి ఆపాక చూస్తే, ఆవిరిని బయటకు వదిలే చేతి వాల్వ్ పక్కన జాయింటు తెగి ఉంది. దాని ముందే ఆయన పడి ఉన్నాడు. ఇంతకంటే రాయలేను. గుర్తుపట్టింది చెప్పుల్ని చూసి.

బావా, మీ వాల్వ్ ఎందుకు లేవలేదు? నన్ను అందరూ అడుగుతున్నారు. నేను మిమ్మల్ని అడుగుతున్నాను.

*

జూన్ 23

నీ ఉత్తరం ఇప్పుడే అందింది.

ఆ వాల్వ్ లేవకపోవడానికి ఒక్కటే కారణం ఉండాలి. నెత్తిన ఉన్న చిన్న కుళాయి ఎవరో మూసి ఉండాలి. పళ్ళెం సందుల్లోంచి పోగంత ఆవిరి పైగదిలోకి ఎప్పుడూ వస్తూనే ఉంటుంది. అది ఆ కుళాయిలోంచి బయటకు పోవాలి. పోకపోతే గదిలో నిండి పళ్ళాన్ని పైనుంచి అదిమి పడుతుంది. అప్పుడు కింద ఎంత ప్రెషర్ ఉన్నా లేవదు. ఎవరు మూశారు? కనుక్కో. మిగతా రెండూ వెంటనే చూడు. టెలిగ్రాం కూడా ఇస్తున్నాను.

బావ

*

జూన్ 27

బావగారికి,

కుళాయి ఎవరూ మూయలేదు. అసలు కుళాయి ఉంటే కదా మూయడానికి. మీరు తీసి ఉంచమన్నారు. తీసేశాను. తీసిన చోట బెజ్జం వదిలేస్తే ఆవిరి కొడుతుంది కదా, మరలున్న ఇనుప బిరడా గట్టిగా బిగించాను. మూడింటికీ. ఆ మూడు కుళాయిలూ గుడ్డలో చుట్టి నా పనిముట్ల పెట్టెలో భద్రంగా ఉంచాను, మీరు అడిగితే పంపుదామని.

మీ టెలిగ్రాం రాగానే మూడు బిరడాలూ ఊడదీశాను. ఆ పేలిన దానిది కూడా. ఎందుకు తీశానో నాకే తెలియదు. చేతులు వాటంతటవే పోయాయి. మర్నాడే ప్రెషర్ల ఇన్‌స్పెక్టర్లు వచ్చారు. ఆ వాల్వ్ విప్పి తీసుకెళ్ళి పరీక్షించారు. చెప్పిన అంకె మీద ఠక్కున లేచిందట. “వాల్వులో ఏ లోపమూ లేదు” అన్నారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. బిరడా నా జేబులోనే ఉంది.

*

జూలై 4

బావమరిదికి,

నీ ఉత్తరం చదివాను. ఆ తర్వాత కోపం వచ్చింది. ఉన్నమాట చెబుతున్నాను.

తీసి ఉంచు అంటే తెరిచి ఉంచమని. తలుపు తీసి ఉంచమంటే తలుపు ఊడబీకి గోడకు ఆనిస్తావా? కుళాయి తీయమంటే నీళ్ళు వదలమని కాక మరేమిటి? ఏ ఇంట్లో ఎవర్ని అడిగినా చెబుతారు. పదిహేనేళ్ళ సర్వీసున్నవాడివి, సేఫ్టీ వాల్వ్‌కు బిరడా కొట్టేముందు ఒక్క ముక్క రాసి అడగొద్దూ?

మీ మిల్లు నుంచి మా ఆఫీసుకు కాగితం వచ్చింది. తయారీలో లోపం లేదని జవాబిచ్చాం. అది నిజం కూడా. కిందటివారం ఒక కొత్త బొమ్మ గీశాను, ఇందులో పెడుతున్నాను. కుళాయి లేదు. ఊరికే రంధ్రం. దానికి మరలు లేవు, అంచు వంకర. ఎవరైనా బిరడా కొడదామన్నా కూర్చోదు.

ఫిబ్రవరిలో నేను రాసిన ఉత్తరం నీ దగ్గర ఉంటే వెంటనే పంపు.

బావ

*

జూలై 12

బావగారికి,

చొక్కా తీసి ఉంచమంటే గుండీలు విప్పుకుని కూర్చుంటారా మీరు? పొద్దున లేస్తే మేం చేసేది తీయడం, పెట్టడం. వాల్వ్ తీయడమంటే బోల్టులు విప్పి బల్ల మీదకు తేవడం. తెరవడాన్ని మేం తిప్పడమంటాం, వదలడమంటాం. ‘నీకు దానితో పనే లేదు’ అని కూడా రాశారు. పని లేనిదాన్ని ఏం చేస్తారు ఎవరైనా?

ఆ ఉత్తరం పంపను. ఎందుకు అడిగారో నాకు తెలుసు. చించేయడానికి. నేను మీ అంత చదువుకోకపోయినా అంత వెర్రివాణ్ణి కాదు.

మనిషి పోయి నెల తిరక్కుండా బొమ్మ గీసి పంపారు. చాలా బాగుంది. దాన్ని ఆయన భార్యకు చూపించనా?

ఇన్‌స్పెక్టర్ల రిపోర్టు వచ్చింది. నోటీసు బోర్డు మీద పెట్టారు. వాల్వ్ మంచిదట. కాబట్టి ప్రెషర్ అంతగా పెరిగే వీలు లేదట. రిజిస్టర్‌లో పదకొండింటి అంకె లేదు. అంటే గడియారం ఎక్కడో వెచ్చటి మూలకు వెళ్ళి కునుకు తీశాడట. యంత్రం ఆగిన చప్పుడుకు ఉలిక్కిపడి లేచి, చేతి వాల్వ్ ఒక్కసారిగా తిప్పేశాడట. గొట్టంలో నిలిచిన నీళ్ళు దెబ్బ కొట్టి జాయింటు తెగిందట. ‘మృతుడి అజాగ్రత్త’ అని రాశారు. పదకొండేళ్ళలో ఒక్క అంకె తప్పనివాడు బావా. ప్రెషర్ ముల్లు పైకి పోవడం చూసి రిజిస్టర్ వదిలేసి పరిగెత్తాడు. మీ వాల్వ్ చేయాల్సిన పని చేత్తో చేద్దామని వెళ్ళాడు. చక్రం రెండు చుట్లు తిరిగి ఉండటం నా కళ్ళతో చూశాను.

అజాగ్రత్త కాబట్టి ఆయన ఇంటివాళ్ళను మిల్లు క్వార్టర్ ఖాళీ చెయ్యమన్నారు. పిల్ల స్కూలు ఇక్కడే. మొన్న క్యాంటీన్‌లో కొత్తగా చేరినవాడెవడో, “అదిగో, ఆ నిద్రపోయినాయన స్థానంలోకే వచ్చా” అని చెప్పుకుంటుంటే గ్లాసు బల్ల మీద పెట్టేసి బయటకు వచ్చేశాను. మీరు బొమ్మలు గీసుకోండి. ఇక నాకు రాయకండి. అక్కకు విడిగా రాస్తాను.

*

ఆగస్టు 25

బావమరిదికి,

రాయొద్దన్నావు. రాస్తున్నాను. చదవకుండా చించినా నాకు అభ్యంతరం లేదు, లోపల ఉన్న రెండో కాగితం మాత్రం చించకు.

ఆ ఉత్తరం చించడానికి అడగలేదు. నేను రాసిన మాట నాకు సరిగా గుర్తు లేదు. ‘తెరిచి ఉంచు’ అనే రాసి ఉంటానని నా మనసు పీకుతూ ఉండేది. చూసుకుంటే తప్పు నీదే అని తేలుతుందని ఆశపడ్డాను. చూశావా, చించడం కంటే ఇదేమీ గొప్ప కాదు. మీ అక్కతో ఈ మాట చెబితే, వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది. అప్పట్నుంచి నాతో అవసరానికే మాట్లాడుతోంది.

ఈ నెలన్నరలో ఆ ఒక్క మాటనూ ఎంతమంది మీద ప్రయోగించానో. మా ఆఫీసులో గుమస్తాలను అడిగాను, అందరూ తెరవడమన్నారు. కింద వర్క్‌షాపులో ఫిట్టర్లను అడిగాను, అందరూ ఊడదీయడమన్నారు. ఇరవై రెండేళ్ళుగా మెట్లు దిగి అక్కడికి వెళుతున్నాను. వాళ్ళ మాట వేరని ఇప్పటిదాకా చెవిన పడలేదు నాకు.

అయినా అసలు తప్పు మాట దగ్గర లేదు. ఎప్పుడూ మూయకూడని దానికి మూసే పిడి ఎందుకు పెట్టాను? పరీక్షలో నాకు సులువుగా ఉంటుందని. రంధ్రం చాలు అక్కడ. మా ఆఫీసులో కొత్తగా చేరిన ఇంజనీరు, ఆడపిల్ల ఒకత్తె, “దీన్ని ఎవరైనా కట్టేస్తే ఏమవుతుంది సార్?” అని అడిగింది. “కట్టెయ్యొద్దని చెబుతాం” అన్నాను.

ఇంకొకటి ఉంది. ఇది నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు, ఆ కాగితంలో మాత్రం రాశాను. ‘చుక్క లేదు, పోగు లేదు’ అని మార్చిలో నువ్వు రాశావు. ఆ వాల్వ్ నుంచి చుక్క రాకుండా ఉండదు. రాకపోతే లోపల ఏదో మూసుకుపోయినట్టే. అది ప్రపంచంలో అందరికంటే బాగా తెలిసినవాణ్ణి నేను. ఆ ఉత్తరం చేతిలో పట్టుకుని మేనేజరు గదిలో కుర్చీ వేయించుకుని కూర్చున్నాను. మూడు నెలలు టైముంది నాకు. ఒక్క టెలిగ్రాం ఇచ్చినా ఆ మనిషి ఇవాళ పిల్లకు ఎక్కాలు చెబుతూ ఉండేవాడు.

రెండో కాగితంలో ఇదంతా రాసి సంతకం పెట్టాను. ఒక ప్రతి ఇన్‌స్పెక్టర్లకు పంపాను, ఒకటి మా ఆఫీసులో ఇచ్చాను. నీ పేరు రాయలేదు. ‘నా సూచన ప్రకారం’ అని మాత్రమే రాశాను. ఆరో వాల్వ్ తయారీ ఆపేశారు. నన్ను రేపట్నుంచి రావద్దన్నారు, ఎన్నాళ్ళో చెప్పలేదు. ఇది నీ దగ్గర ఉంచుకుని ఏం చేయాలనిపిస్తే అది చెయ్యి.

మీ బావ

*

సెప్టెంబర్ 6

బావగారికి,

చదివాను. చించలేదు.

ముందు మీ కాగితం అడుగున నేను కూడా నాలుగు ముక్కలు రాశాను. బిరడా కొట్టింది నేనేనని, ఊడదీసింది కూడా నేనేనని. నా పేరు లేకుండా మీరొక్కరే ఎలా మోస్తారు? పెద్ద ఇంజనీరు దగ్గరకు తీసుకెళ్ళాను. చదివి, “ఫైలు మూసేశారయ్యా, మళ్ళీ తెరిపించాలంటే చాలా పెద్ద పని. ఆలోచించుకుని రా” అన్నాడు. ఇన్‌స్పెక్టర్ల నుంచి ఉలుకూ పలుకూ లేదు. వస్తే వస్తుంది. నా ఉద్యోగం పోతే పోతుంది. మీ చెల్లాయికి చెప్పాను. కాసేపు ఏడ్చి, గడియారం ఇంటికి కూడా వెళ్ళి చెప్పమంది.

నిన్న సాయంత్రం గడియారం ఇంటికి వెళ్ళాను. క్వార్టర్ ఖాళీ చేయడానికి సామాను మూటలు కడుతోంది ఆయన భార్య. కూర్చోమనలేదు. నేను నిలబడే మీ కాగితం మొత్తం చదివాను. ఆవిరి, పళ్ళెం, గది, ఇవేవీ ఆవిడకు పట్టలేదు. అంతా అయ్యాక ఒక్కటే అడిగింది.

“అయితే ఆయన నిద్రపోలేదా?”

“లేదు వదినా. చూసే పరిగెత్తాడు. రెండు చుట్లు తిప్పాడు కూడా.”

“మళ్ళీ చదువు.”

మూడుసార్లు చదివించుకుంది. మూడోసారి సగంలో నేల మీద కూలబడింది. నేను జీవితంలో అలాంటి ఏడుపు వినలేదు బావా. ఏమందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

“రెండు నెలలుగా తిడుతున్నానయ్యా ఆయన్ని. లేచినా కూర్చున్నా తిట్టడమే. ముందురోజు పిల్లకు జ్వరమని రాత్రంతా ఆయన్నే కూర్చోబెట్టా. అందుకే కునుకు పట్టిందనుకున్నా. దీనికి జ్వరం రాకపోతే మనిషి బతికేవాడు కదా అని, పిల్లని కూడా దగ్గరకు తీయలేదు నేను. అది అన్నం పెట్టమన్నా విసుక్కున్నా.”

పిల్ల గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. ఆవిడ చెయ్యి చాచింది. అది వెంటనే రాలేదు. నావైపు చూసింది, వెళ్ళొచ్చా అన్నట్టు. నాకు తల తిప్పుకోక తప్పలేదు.

కాసేపయ్యాక ఆవిడ మొహం తుడుచుకుని, “ఇది రాసినాయన ఎవరు?” అంది. మా అక్క భర్త అన్నాను. “రమ్మను” అంది. నేను భయపడి, తిట్టేదేదో నన్నే తిట్టమన్నాను. “నీ సంగతి తర్వాత. ముందు ఆయన్ని రమ్మను. ఏమీ చెయ్యను, భయపడొద్దని చెప్పు. రెండు నెలలు తప్పు మనిషిని తిట్టా. ఇప్పుడు మళ్ళీ మొదట్నుంచీ తిట్టుకోవాలి నేను. ఎదురుగా మనిషి లేకపోతే నా వల్ల కాదు.”

ఆవిడ చెప్పమంది, చెప్పాను. రమ్మని గానీ వద్దని గానీ నేను అనను.

మీ బావమరిది

*

సెప్టెంబర్ 10

బావమరిదికి,

శనివారం పొద్దుటి బండికి వస్తున్నాను. మీ అక్క కూడా బయల్దేరుతానంది, వద్దన్నాను. గడియారం భార్య ఎదుట నా పక్కన ఎవరూ ఉండకూడదు.

స్టేషన్‌కు వచ్చి ఇల్లు చూపించు, చాలు. లోపలికి రాకు. నా తరఫున ఒక్క ముక్క మాట్లాడకు. సాయంత్రమైనా నేను బయటకు రాకపోతే పిలవకు. ఆవిడ చాలనేదాకా కూర్చుంటాను.

మీ బావ